ప్రివ్యూలో మిగిలిన ముఖం

చేయాల్సిన పనులు ఇవీ.

కోరుట్లలో మెమరీ కార్డు తీసుకోవాలి. అందులో ‘దర్జీ’ ముఖం చూడాలి. ముఖాన్ని బట్టి మనిషిని పట్టుకోవాలి. పట్టుకున్నవాడితో నిజం చెప్పించాలి. సాయంత్రం వేములవాడలో కోడె మొక్కు చెల్లించడానికి వచ్చే డాక్టర్ కల్యాణి ప్రాణాలతో తిరిగి వెళ్లాలి.

“ఇంకొకటి,” అన్నాడు చీఫ్. “ఫోటోగ్రాఫర్ లక్ష్మీరాజం ఇంటికి పరామర్శకు వెళ్లకు. టైమ్ వేస్ట్.”

జగిత్యాల బస్టాండ్ వెనక, మొబైల్ షాపు పైగది. బయట బోర్డు మీద ‘ఆల్బమ్ ప్రింటింగ్’ అని ఉంటుంది. ఏజెంట్ జగదీశ్ ఆ బోర్డు కింద సేల్స్‌మన్ వేషంలో ఉన్నాడు. ఊరు ఎల్లంతకుంట. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి.

డాక్టర్ కల్యాణి క్షిపణులకు దారి చూపే లెక్కలు రాసే శాస్త్రవేత్త. ఆమెను చంపడానికి ఒక విదేశీ ముఠా పంపిన హంతకుడి కోడ్‌నేమ్ దర్జీ. ఏ దేశం దగ్గరా వాడి ఫోటో లేదు. కోరుట్లలో ఒక పెండ్లికి అతిథిలా వచ్చి, ముఠా మనిషిని కలిసి, బిర్యానీ తిని జారుకుంటుంటే పెండ్లిపిల్ల మేనమామ చెయ్యి పట్టుకున్నాడు.

“తిని ఫోటో దిగకుంట పోతవా? గట్లెట్ల నడుస్తది? నడువ్ స్టేజీ మీదికి!”

ముప్పై దేశాల నిఘాను తప్పించుకున్నవాడు ఆ మేనమామను తప్పించుకోలేకపోయాడు. లక్ష్మీరాజం కెమెరా క్లిక్‌మంది. ఆ వారంలోనే అతని శవం కాలువలో తేలింది. కెమెరా పట్టుకునే చేతికి ఒక్క వేలూ సరిగా లేదు.

కోరుట్లలో జగదీశ్‌కు కార్డు తెచ్చి ఇచ్చింది తేజస్విని. పెండ్లిళ్లకు మేకప్ ఆర్టిస్ట్. చూసినవాళ్లు పెండ్లిపిల్లను మరిచిపోయేంత అందం. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

“ఆల్బమ్ పేజీలు మ్యాట్‌నా, గ్లాసీనా?” అడిగాడు జగదీశ్.

“వెల్వెట్ టచ్,” అంది ఆమె. కోడ్ సరిపోయింది. “దర్జీని నేను ఎన్నడు చూడలే అన్నా. ఫోటోల ఉన్నడో లేడో మీరే చూస్కోన్రి.”

ఉన్నాడు. వధూవరులకు అక్షింతలు వేస్తూ, నిండుగా. ఆ ముఖాన్ని పాస్‌పోర్టు రికార్డుల్లో వెతికితే పేరు దొరికింది: కోనరావుపేట సంజీవ్. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఏసీ మెకానిక్.

“రా ఫైల్,” అన్నాడు చీఫ్ తృప్తిగా. “సెన్సార్ చూసింది చూసినట్టు దాస్తుంది. దీన్ని ఎవడూ మార్చలేడు. ఎత్తండి వాణ్ణి.”

సంజీవ్‌ను సిరిసిల్లలో ఒక సాంచెల షెడ్డు వెనక గదిలో కూర్చోబెట్టారు. పక్కన మరమగ్గాలు ఆగకుండా కొడుతుంటే మనిషి అరుపు గోడ దాటదు. ఆ గదిని చీఫ్ ఎంచుకున్నది అందుకే.

“సార్, నేను హాల్‌కు పోయిన, అబద్ధం ఎందుకు,” అన్నాడు సంజీవ్. “ఏసీ ఖరాబైతే పిలిచిండ్రు. బాగుచేసి అచ్చిన. స్టేజీ ఎక్కలే సార్.”

“ఫోటోలో ఉన్నది నీ తమ్ముడా?”

“నాకు తమ్ముడే లేడు సార్.”

చీఫ్ కటింగ్ ప్లయర్ అడిగాడు. జగదీశ్‌ను కోనరావుపేటకు, ఇల్లు సోదా చేయమని పంపాడు.

జగదీశ్ వీసా ఏజెంట్ వేషంలో వెళ్లాడు. సంజీవ్ తల్లి రాజవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

“మళ్ల దుబాయ్ తోల్తవా వాణ్ణి? తోలకు కొడుకా. ఇప్పుడే ఇల్లు పట్టిండు.”

“కోరుట్ల పెండ్లిల కలిసినం అవ్వా. స్టేజీ మీద అక్షింతలేసుకుంట ఫోటో దిగిండు గదా?”

రాజవ్వ చెయ్యి ఆగింది. “నీకు తెలివున్నదా? వాళ్ల నాయిన పోయి యాడాది తిరగలే. గీ యాడాది వాడు గుడి మెట్టెక్కడు, ఎవల నెత్తిన అచ్చింతలెయ్యడు. పెండ్లోళ్లు బతిమిలాడినా ఆడ బుక్కెడు బువ్వ తినలే. ఇంటికచ్చి సద్ది తిన్నడు. నువ్వు ఏ ఊరోనివి?”

జగదీశ్ గబగబా కారు వైపు నడిచాడు. అతని ఊళ్లోనూ అదే ఆచారం. ఏడాది తిరగని ఇంటి కొడుకు పెండ్లి స్టేజీ ఎక్కడు. ఇంటివాళ్లే ఎక్కనివ్వరు. ముఖం అతికించినవాళ్లకు ఇది తెలియదు. చీఫ్‌కూ తెలియదు.

కారులో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు.

కెమెరా ప్రతి రా ఫైల్ కడుపులో ఒక రెడీమేడ్ జేపెగ్ కూడా పెడుతుంది. ఫోటో తీయగానే వెనక స్క్రీన్ మీద కనిపించేది అదే. దాన్ని ప్రివ్యూ అంటారు. ఫోర్జరీ చేసినవాళ్లు పెద్ద ఇమేజ్ మార్చారు. ఫోల్డర్‌లో కనిపించే తపాలా బిళ్లంత థంబ్‌నెయిల్ కూడా మార్చారు. ప్రివ్యూ మాత్రం మారిందో లేదో ఎవరూ తీసి చూడలేదు. తాను కూడా చూడలేదు.

ఒక్క కమాండ్. ప్రివ్యూ బయటికి వచ్చింది.

అదే జంట. అదే గులాబీ పరదా. అక్షింతలు వేస్తున్న అదే చెయ్యి. ముఖం వేరు. సన్నటి ముఖం, ఎడమ కనుబొమ్మను రెండుగా కోసిన మచ్చ. స్టేజీ అంచున తేజస్విని నిలబడి, ఎన్నడూ చూడలేదని తాను చెప్పిన ఆ మనిషి వైపు చూసి నవ్వుతోంది.

ఫోటో పంపి ఫోన్ చేశాడు. “సార్, వాడు కాదు. ఆపండి!”

“దర్జీ నేనేనని ఒప్పుకున్నాడు.”

“ఎప్పుడు?”

“మూడో గోరు తర్వాత.”

“సార్, ఫోటో చూడండి. తేజస్విని మనల్ని అమ్మేసింది.”

అవతల సాంచెల మోత. ఆ తర్వాత చీఫ్ గొంతు: “వేములవాడ పో. ఇక్కడ సంగతి నేను చూసుకుంటా.”

ఒక దారి సిరిసిల్లకు, ఒకటి వేములవాడకు. జగదీశ్ స్టీరింగ్ వేములవాడ వైపు తిప్పాడు.

గుడి దగ్గర కోడెల వరుస. భక్తులు పగ్గం అందుకుని గుడి చుట్టూ తిప్పుతున్నారు. డాక్టర్ కల్యాణి పక్కన, తోటి భక్తురాలిలా పట్టుచీరలో తేజస్విని.

“గీ కోడె మెత్తగ ఉంటది మేడమ్, పొడువది. పట్టుకోన్రి.”

కోడె పట్టినవాడు పంచె, విభూతి, భుజాన తువ్వాలుతో ఉన్నాడు. కనుబొమ్మలు రెండూ నిండుగా ఉన్నాయి. కానీ ఎండకు చెమట పట్టి, ఎడమ కనుబొమ్మ నుంచి నల్లటి చుక్క చెంప మీదికి జారింది. మేకప్ కింద మచ్చ.

కల్యాణి చెయ్యి చాచింది. పగ్గం ముడిలో గుండుసూదంత మెరుపు. విషం పూసిన సూది.

జగదీశ్ మధ్యలోకి దూకి ముడికి పైన పగ్గం పట్టాడు. అదే ఊపులో ముడిని దర్జీ అరచేతిలోకి నొక్కాడు. దర్జీ అరవలేదు. ఆశ్చర్యంగా తన చేతిని చూసుకుంటూ కోడె కాళ్ల దగ్గర కూలాడు. కోడె అతన్ని వాసన చూసి పక్కకు జరిగింది.

“ఎండదెబ్బ! జర సోడా తెండ్రి!” అరిచింది ఒక పెద్దమ్మ.

భక్తుల వేషంలో ఉన్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ మనుషులు తేజస్విని మోచేతులు పట్టుకున్నారు. కల్యాణి ఇంకో కోడెను పట్టుకుని మొక్కు చెల్లించింది. ఆమెకు ఏమీ తెలియదు.

జగదీశ్ సిరిసిల్ల చేరేసరికి షెడ్డులో సాంచెలు ఆగి ఉన్నాయి.

“నీ ఫోటో చూసి ఆపమన్నాను,” అన్నాడు చీఫ్ చేతులు తుడుచుకుంటూ. “అప్పటికే వాడి గుండె ఆగింది.”

“సార్... వాళ్ల అమ్మకు ఏం చెప్పాలి?”

“టీవీ చెప్పేసింది. దర్జీ దొరికాడని మధ్యాహ్నమే ప్రెస్ నోట్ ఇచ్చాం. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే డిపార్ట్‌మెంట్ పరువు పోతుంది. నీకు మెడల్‌కు రాస్తున్నాను.”

“తేజస్విని?”

“మంచి అసెట్. ఈసారి నిజంగానే మనవైపు తిప్పుకుందాం. జీతం పెంచుదాం.”

అసలు దర్జీ, పేరు తెలియని శవంగా కాలిపోయాడు. వాడి పేరు ఇంకొకరికి పోయింది కాబట్టి వాడికి పేరు మిగల్లేదు. డిపార్ట్‌మెంట్ లెక్కలో ఆపరేషన్ నూటికి నూరు శాతం సక్సెస్.

మీరెప్పుడైనా కోనరావుపేట మీదుగా బస్సులో పోతే, ఆ ఊరి వాళ్లు ఒక ఇంటి ముందు తల దించుకుని నడవడం కనిపిస్తుంది. వాళ్లు టీవీని నమ్మారు. మీరు నమ్మకండి. అక్కడ సంజీవ్ అని ఒక ఏసీ మెకానిక్ ఉండేవాడు, అతను ఎవరికీ ఏమీ చేయలేదు. దయచేసి గుర్తుపెట్టుకోండి.