ఎనభై దాటితే పలికే గొంతు

రోడ్డుకు చప్పుడు ఉంటుందని ఆ కాలపు పిల్లలకు తెలియదు. తారు మీద టైరు దొర్లే రొద, అద్దం అంచున గాలి చేసే ఈల, వంతెన అతుకుల మీద చక్రం పడినప్పుడు వచ్చే దెబ్బ, ఇవన్నీ పెద్దవాళ్ల జ్ఞాపకాల్లోనే మిగిలాయి. కారు తలుపు మూసుకోగానే లోకం మూగబోయేది. జొన్నచేలు, గాలిమరలు, ఎర్రమట్టి దిబ్బలు అద్దాల అవతల మాట లేకుండా వెనక్కి జరిగిపోయేవి. కదులుతున్నామన్న సంగతి కళ్లకు తప్ప ఒంటికి తెలిసేది కాదు.

ఆ నిశ్శబ్దాన్ని తయారు చేసింది హైమవతి.

అంతకుముందు కార్లలోనూ శబ్దాన్ని ఎదురు శబ్దంతో అణచే ఏర్పాటు ఉండేది. అది అన్ని మోతలనూ ఒకే తీరుగా తగ్గించేది. హైమవతి ఆలోచన వేరు. చెవి అన్నిటినీ వింటుంది, మనసు కొన్నిటినే వింటుంది. మనసు వద్దనుకున్నా చెవిలో పడుతూనే ఉండే మోత మనిషిని అలసటకు గురి చేస్తుందని ఆమె నమ్మింది. ఆమె రూపొందించిన నిశ్శబ్ద కవచం, అంటే సైలెన్స్ షీల్డ్, సీటు తలగడలో దాగిన అవధాన గ్రాహకాలతో పనిచేస్తుంది. ఈ అటెన్షన్ సెన్సర్లు మెదడు ఏ శబ్దానికి మేల్కొంటున్నదో, దేనిని పట్టించుకోకుండా వదిలేస్తున్నదో ఎడతెగకుండా కొలుస్తాయి. వదిలేసిన శబ్దాన్ని కవచం ఎదురు తరంగంతో తుడిచివేస్తుంది. అంబులెన్సు కూత వినిపిస్తుంది, టైర్ల రొద వినిపించదు. ఏ సీటు కవచం ఆ సీటులో కూర్చున్నవారి చెవులకే పరిమితం.

చిక్కు ఒక్కటే. రొద లేకపోతే వేగం తెలియదు. అందుకే గంటకు ఎనభై కిలోమీటర్లు దాటగానే కారు హెచ్చరించి తీరాలని చట్టం వచ్చింది. మొదట పెట్టిన బీప్ శబ్దానికి జనం తొందరగానే అలవాటు పడ్డారు. అలవాటైన దానిని కవచం తుడిచేసింది. తర్వాత ఒక స్త్రీ గొంతును పెట్టారు. అది ప్రతిసారీ కొత్త మాటతో, కొత్త స్వరంతో పలుకుతుంది. మనసు దానికి అలవాటు పడే అవకాశం లేదు. అది పలికిన మరుక్షణం జనం యాక్సిలరేటరు మీదనుంచి కాలు వెనక్కి తీసేవారు. అందరూ సంతోషించారు. కాని కొంతకాలానికి మరొక సంగతి బయటపడింది. హెచ్చరికకు లొంగడం ఎంత పెరిగిందో, ఎనభై గీత దాటడమూ అంతే పెరిగింది.

"లొంగుతారు మేడమ్, మల్లా దాటుతారు. మల్లా లొంగుతారు. సారు వస్తే కూసునేది, సారు పోతే బెంచీ ఎక్కేది, అట్ల ఉంది మనోళ్ల కథ," అన్నాడు ఇలియాస్. రహదారి మండలిలో భద్రతా విభాగం అతను చూస్తాడు.

"రొద లేక వేగం తెలియడం లేదు, తప్పు కవచానిది అంటారు. అంతేనా?" అంది హైమవతి.

"నేను అంటలే. మండలి అంటాంది. ఆలూరులో ఉరుకుందప్ప అని ఒకాయన ఉండాడు, గొడ్ల డాక్టరు. జిల్లాకంతా గీత దాటేదాంట్లో ఆయనే ఫస్టు. చేత్తో బండి నడిపే హస్తచాలన హక్కు తీసేయల్లని కాగితం తయారుగా ఉంది."

పెద్ద రహదార్ల మీద కార్లు తమంతట తాము నడిచే కాలమది. పల్లె దార్లలో, చేలగట్లకు, మందలు దిగే బీళ్లకు మాత్రం మనిషే నడపాలి. ఆ హక్కు లేనివాడు రహదారి దిగలేడు. హక్కు పోతే ఉరుకుందప్ప ఒక్క పశువు దగ్గరికీ చేరలేడు.

"మీరే పోయి ఆయన బండ్లో కూసోని సూడండి," అన్నాడు ఇలియాస్. "తప్పు మిషనుదని మీరు రాసిస్తే ఆయన బతుకుతాడు, మీ కవచం పోతుంది. మనిషిదని రాస్తే మీరు బతుకుతారు. ఏం రాస్తారో మీ ఇష్టం. నన్ను మాత్రం అడగొద్దండి, నాకు ఇద్దరూ కావల్ల."

హైమవతి ఒంటరిగా ఉంటుంది. ఇంట్లో ఆమెను పలకరించేవారు లేరు. అది లోటని తోచడం ఆమెకు ఏనాడో ఆగిపోయింది. ఆ ప్రయాణానికి ఒప్పుకున్నప్పుడు ఆమె ఆలోచించింది కవచం గురించే.

ఉరుకుందప్ప భారీ మనిషి. నవ్వితే ఒళ్లంతా కదులుతుంది.

"రాండి మేడమ్. ఎనక సీటు రోంత పేడ వాసనొస్తాది. మీ మిషను మోత తుడుస్తాది గానీ వాసన తుడిచేది ల్యాదు."

ముందు సీటులో, ఒడిలో మందుల సంచితో, అతని భార్య సుంకులమ్మ కూర్చుని ఉంది. పశువులకు కట్లు కట్టడం, మందులు కలపడం ఆమె పని. పెళ్లయిన నాటినుంచి ఇద్దరూ కలిసే పల్లెలు తిరుగుతున్నారు. ఆమె వెనక్కి తిరిగి తల ఊపింది, అంతే.

హైమవతి తన సీటు కవచాన్ని ఆపివేసింది. కారు కదలగానే రోడ్డు చప్పుడు ఆమెను చుట్టుముట్టింది. అంత మోత ఎక్కడినుంచి వస్తున్నదో ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు.

ఊరు దాటగానే సుంకులమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఆ పసలదొడ్డి ఎనుముకు నిన్ననే సూది వేసింటే ఈ పొద్దు లేసి నిలబడుండు. నేను చెప్తే నీకు ఎక్కదు గదా."

ఉరుకుందప్ప రోడ్డు చూస్తున్నాడు.

"తలకాయ ఎనక ఎంటికలన్నీ రాలిపాయె నీకు. అయినా బాగుండావులే. చెప్తే ఎగిరెగిరి పడతావని చెప్పలే."

హైమవతి అద్దంలో అతని ముఖం చూసింది. నవ్వు లేదు, విసుగూ లేదు. విననట్టు నటించేవారి ముఖంలో ఉండే బిగువు కూడా లేదు.

"బెంగళూరులో ఆ టీకాల ల్యాబుకు రమ్మని నన్ను పిలిసిరి గదా," అంది సుంకులమ్మ. గొంతు మారలేదు, గేదె సంగతి చెప్పినట్టే చెబుతోంది. "నువ్వు వద్దనలే. పో అని కూడా అనలే. ఏదో ఒకటి అంటావని ఆ ఎండాకాలమంతా కాసుకోనుంటి."

అతని వేలు స్టీరింగు మీద తాళం వేస్తోంది. తెర మీద వేగం చూపే ముల్లు మెల్లగా పైకి పాకి ఎనభై దాటింది.

"కొంచెం నెమ్మదించండి. మీరు క్షేమంగా చేరాలి కదా," అంది కారు.

అతని కాలు వెంటనే వెనక్కి వచ్చింది. ముఖం మెత్తబడింది. "సరేలేమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, కారుతో.

పసలదొడ్డి బయట, చేను గట్టున ఉన్న కొట్టం దగ్గర ఆగారు. దిగగానే సుంకులమ్మ మరొక మనిషి అయింది. "ఇదోండి, సంచి. గ్లోవ్సు ఏసుకోండి, మర్చిపోతారు," అంది. కారులో "నువ్వు" అన్న నోరు నేల మీద కాలు పెట్టగానే "మీరు" అన్నది. హైమవతి దానిని గమనించింది.

ఎనుముకు సూది వేసి ఉరుకుందప్ప తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే హైమవతి అతని వెంట వెళ్లింది.

"మీ ఆవిడతో కారులో మాట్లాడరా మీరు?"

"నేనేమి మాట్లాడేది మేడమ్, ఆమె మాట్లాడేది మానేసినంక?" అన్నాడతను. "పాత బండ్లో వసపిట్ట మాదిరి వాగుతా ఉండె. ఇది కొన్నప్పుట్నించి కారెక్కితే మూతి బిగిచ్చుకుంటాది. కొనేటప్పుడు ఆమెను అడగలే, దానికేమోనని అనుకుంటాండా."

"ఎందుకని అడగలేదా?"

"మాట్లాడేకి ఏముంది అంటాది. ఆ మాట ఇనేదానికంటే ఇదే నయం గదా." అతను తడిచేతులు పంచెకు తుడుచుకున్నాడు. నేల చూస్తూ అన్నాడు: "ఆ బండి గొంతుండాది సూడండి. రోంత కోపము, రోంత బెంగ. ఎవురో నాకోసం భయపడినట్లుంటాది. తప్పే మేడమ్. హక్కు పోతాదనీ తెల్సు. కాలు ఊరుకోదు."

హైమవతికి అంతా తెలిసింది. ఏళ్ల తరబడి సుంకులమ్మది ఒకే గొంతు, ఒకే వరస మాటలు. అతని మనసు ఏనాడో వాటిని పట్టించుకోవడం మానేసింది. పాత కారులో మనసు వినకపోయినా చెవి వినేది. ఆమె ఉందని చెవికి తెలిసేది. కవచం ఎవరినీ కొత్తగా చెరపలేదు. మనసు ముందే చెరిపిన దానిని గాలిలోనుంచి కూడా తీసివేసింది. తుడిచిన శబ్దం తిరిగి చెవిని చేరదు గనుక, వినాలని ఎంత ఆశపడినా మనసు తన తీర్పు మార్చుకునే దారి లేదు. కవచం పరీక్షలన్నీ హైమవతి ఒంటరి డ్రైవర్లతో చేసింది. పక్కన ఒక మనిషి ఉంటారన్నది ఆమె లెక్కలోకి రాలేదు.

కొట్టంలో మరో దూడను చూడమని రైతు పిలిస్తే ఉరుకుందప్ప వెళ్లాడు. కారు నీడలో మందు సీసాలు సర్దుతున్న సుంకులమ్మ దగ్గరికి హైమవతి వచ్చింది.

"మీరు చెప్పేవి ఆయనకు వినపడటం లేదమ్మా. కారు మీ గొంతును తుడిచేస్తోంది."

"తెల్సు," అంది సుంకులమ్మ.

"తెలుసా?"

"ముందు పొగరనుకుంటి. ఒగనాడు పక్కనే కూసోని వాళ్ల వంశమంతా తిడితి. కనురెప్ప కొడితే ఒట్టు. అప్పుడు తెల్సింది."

"మరి ఆయనతో చెప్పలేదేం?"

"చెప్తే బాగు చేపిస్తాడు గదా." ఆమె సీసా మూత గట్టిగా బిగించింది. "ఇంట్లో మాట్లాడితే జవాబొస్తాది మేడమ్. ఊ అంటాడు, సూద్దాం అంటాడు. ఆ జవాబు ఇంటే నా మాట నాకే సిన్నదైపోతాది. ఈ సీట్లో కూసుంటే జవాబు రాదు. లోపలుండేవి అన్నీ నోట్లోకి వస్తాయి. ఒంటిగా కూసోని మాట్లాడితే పిచ్చిదంటారు. ఆయన పక్కన ఉండల్ల, ఇనకూడదు. అట్లాంటి సోటు నాకు ఇదొగటే దొరికింది."

హైమవతి ఆమెకు హక్కు సంగతి చెప్పింది. కారు గొంతు కోసం అతను గీత దాటుతున్నాడనీ చెప్పింది. సుంకులమ్మ చేతులు ఆగిపోయాయి.

"హక్కు తీసేస్తారని నాకు చెప్పలే ఆయన." ఆమె కొట్టం వైపు చూసింది. "గొడ్లు లేకపోతే ఆయన బతకడు. ఆ కవచమో ఏందో, తీసేయండి."

అతను తిరిగి వచ్చాక హైమవతి చెప్పవలసినంత వరకే చెప్పింది. మీ భార్య మాట్లాడటం మానలేదు, కారు ఆమె గొంతును మీకు చేరనివ్వలేదు. ఇప్పుడు మీ సీటు కవచం ఆపాను. ఆలూరు చేరేదాకా ఒక్కసారి కూడా ఎనభై దాటకపోతే తప్పు యంత్రానిదేనని రాస్తాను. మీ హక్కు నిలుస్తుంది.

ఉరుకుందప్ప భార్య వైపు తిరిగాడు.

"ఇన్నాళ్లూ మాట్లాడతాంటివా? ఏమి మాట్లాడతాంటివి?"

"ఏముంటాయండీ. పనిమాటలే," అంది సుంకులమ్మ.

తిరుగు ప్రయాణంలో రోడ్డు కారు నిండా మోగింది. "అబ్బో, ఇంత మోతా!" అన్నాడతను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. అతను తల కొద్దిగా ఎడమవైపు వంచి నడుపుతున్నాడు. కంకర మీద టైర్ల రొద, అద్దం సందున గాలి. వాటి మధ్య ఆమె ఒకసారి ఊపిరి తీసుకున్న చప్పుడు. అతని చెయ్యి స్టీరింగు మీద బిగుసుకుంది. ఆమె ఆ ఊపిరిని మాట లేకుండానే వదిలేసింది.

"ఆ ఎనుముకు నిన్ననే సూది వేసుండల్ల," అన్నాడతను చివరికి.

"ఊ."

"నీకేమనిపిస్తాది? లేస్తాదా?"

"సూద్దాం."

ఆ తర్వాత మాట లేదు. ఎడారిలా పరుచుకున్న బీళ్ల మధ్య దారి తిన్నగా సాగింది. హైమవతికి తన ఇల్లు గుర్తొచ్చింది. అక్కడి నిశ్శబ్దంలో ఎవరూ ఎదురుచూడరు. ఇక్కడ ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఏది ఎక్కువ ఒంటరితనమో ఆమె తేల్చుకోలేకపోయింది.

ముల్లు డెబ్బై దాటింది. హైమవతి చూసింది. సుంకులమ్మ కూడా చూసింది. ఏదైనా ఒక్క మాట, ఏ మాటైనా సరే, ఆ కాలును అక్కడే ఆపేది. ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. ముల్లు ఎనభై దాటింది.

"వేగం పెరిగింది. దయచేసి తగ్గించండి," అంది కారు.

కాలు కదలలేదు. కారు మళ్లీ పలికింది, స్వరం మార్చి, ఎన్నడూ లేనంత ఆర్ద్రంగా. అతను ఆ గొంతును వినడం లేదు. అతని చెవి ఎడమ పక్కన ఉంది. రొద పెరిగి, సీట్లు అదిరి, సంచిలో సీసాలు ఒకదానికొకటి తగిలాయి.

"నిదానం," అంది సుంకులమ్మ.

కాలు వెంటనే వెనక్కి వచ్చింది. "సరేలే," అన్నాడు ఉరుకుందప్ప మెత్తగా. అతని కళ్లలో తడి అద్దంలో కనిపించింది.

ఇలియాస్ ముందు పెట్టిన ప్రశ్నకు ఇక జవాబు ఒక్కటే. కవచం ఆపినా అతను గీత దాటాడు గనుక, తప్పు యంత్రానిదని రాయడానికి హైమవతికి ఆధారం మిగలలేదు. గీత దాటిన సంగతి కారు అప్పుడే మండలికి పంపించి ఉంటుంది. "మాట్లాడండమ్మా, ఏదో ఒకటి మాట్లాడండి," అని ముందుకు వంగి చెప్పాలనుకుంది. కాని అది బయటివాళ్లు చెప్పగల మాట కాదని తోచి ఊరుకుంది.

రోడ్డు మోగుతూనే ఉంది. కొద్దిసేపటికి ముల్లు మళ్లీ పైకి కదిలింది. సుంకులమ్మ ఈసారి కిటికీ వైపు తిరగలేదు. ఆ ఒక్క మాటకు పెదవులు సిద్ధం చేసుకుని, ముల్లునే చూస్తూ, అది ఎనభై దాటడం కోసం కాచుకుని కూర్చుంది.