‘అండి’ లేని మాట

ఆ ఇంట్లో పొద్దు ఎప్పటిలాగే పొడిచింది. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఎవరో పోయినట్టు కళ్లు ఒత్తుకుంటోంది. అల్లుడు, అంటే రాళ్లమ్మ మొగుడు, డ్రైవింగ్ స్కూలు మాస్టారు, బాత్రూంలో పాట ఎత్తుకుని పక్కింటి కుక్కని ఏడిపిస్తున్నాడు. రాళ్లమ్మ అద్దం ముందు రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పెట్టుకుని జడ అల్లుకుంటోంది.

రాళ్లమ్మ అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఆవిడ ఉద్యోగం రాళ్లని పిండడం. నవ్వకండి, నిజం! ఆవగింజంత రాయిని గట్టి లోహపు దిమ్మల మధ్య ఇరికించి, ఏనుగుల మందని నెత్తిన కూర్చోబెట్టినట్టు పెద్ద ప్రెస్సుతో నొక్కుతుంది. ఏ బావీ అందుకోనంత లోతున, భూమి కడుపులో రాయి ఎలా ఉంటుందో, ఇక్కడ ఆ రాయి అలా మారుతుంది. ఆ లోతు రాళ్లు నీళ్లు దాచుకుంటాయా లేదా? పెళ్లికి ముందు నుంచీ ఆవిడకి అదే ధ్యాస, అదే గొడవ.

ప్రెస్సు నడిపేది తమ్ముడు. గుమ్మంలో తల వంచితే గానీ పట్టడు, అయినా వాడి పేరు బుడ్డోడు.

ఈ పనిలో చిత్రం ఏమిటంటే, ఒత్తిడి ఎక్కించేటప్పటికన్నా దించేటప్పుడే భయం. పూటంతా పట్టినా సరే, చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు మెల్లగా దించాలి. తొందరపడితే దిమ్మలు పేలిపోతాయి. పోయిన వారం పేలాయి. రాళ్లమ్మ ఇంట్లో ఉండి, స్పీకరు ఫోన్లో తమ్ముడికి పని చెబుతోంది. ఉన్నట్టుండి ఫోన్లోంచి పిడుగు పడ్డ చప్పుడు, వెనకే వాడి పొలికేక. దూసుకొచ్చిన ముక్క వాడి కుడిచేతి వేళ్లు రెండు తీసుకుపోయింది.

ల్యాబు డైరెక్టరు అడిగితే, “వాడే తొందరపడి వాల్వు తిప్పేశాడండి” అంది రాళ్లమ్మ. తనకి తెలిసిన నిజం అదే.

వీధి తలుపు దడాలున గోడకి కొట్టుకుంది. పెచ్చు ఊడి చెప్పుల మీద రాలింది. గుమ్మంలో బుడ్డోడు, చేతికి ముద్దలాంటి కట్టుతో.

“గేటు దగ్గరే ఆపేశారే నన్ను! నా ఉద్యోగం పీకించి హాయిగా జడ అల్లుకుంటున్నావా?”

“నేనెక్కడ పీకించాన్రా? జరిగింది చెప్పాను.”

“జరిగిందా? ‘దించెయ్, దించెయ్, ఇంకా చూస్తావేంటి’ అని గొంతు చించుకుంది ఎవరు? ఆ అరుపుకి ప్రెస్సు ముందు ఇనప తలుపు కూడా వెయ్యకుండా వాల్వు దగ్గరికి పరిగెత్తాను!”

“అబద్ధం! బుర్ర ఉన్నవాళ్లెవరైనా ఆ మాట అంటారట్రా? నీ తప్పు నా నెత్తిన రుద్దకు!”

“నేను అబద్ధాలకోరునా?”

ఎడమచేత్తో స్టూలు లేపి అద్దాన్ని ఒక్కటి వేశాడు. అద్దం భళ్లున రాలింది. పెంకు ఒకటి రాళ్లమ్మ కనుబొమ్మ చీరేసింది. రక్తం కంట్లోకి దిగుతున్నా ఆవిడ ఆగలేదు, లాగి చెంప పగలగొట్టింది. వాడు అల్లీ అల్లని జడ పట్టి గుంజాడు. ఆవిడ మోచేత్తో వాడి డొక్కలో పొడిచింది. అమ్మ గరిటె పుచ్చుకొచ్చి, ఎవరిదని చూడకుండా అందిన వీపు మీదల్లా బాదింది.

“చావండి! ఇద్దరూ కొట్టుకు చావండి!”

తల నిండా సబ్బు నురగతో మాస్టారు తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఊరందరికీ బ్రేకు వెయ్యడం నేర్పే మనిషి, నేల మీద నీళ్లకి జారి సరాసరి బావమరిది చేతిలో పడ్డాడు. వాడు పీక పట్టి గోడకి అదిమాడు.

“నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా బావా! చెప్పు! అక్క అందా లేదా?”

మాస్టారి కళ్లు తేలిపోయాయి. “అంది...”

రాళ్లమ్మ గిరుక్కున మొగుడి వైపు తిరిగింది.

“అందిరా... నీతో కాదు, నాతో! స్టవ్వు మీద పాలు పొంగుతుంటే, గిన్నె దించమంది.”

బుడ్డోడి పట్టు సడలలేదు. “నన్ను వెర్రివెధవని చెయ్యకు. నీతో అయితే ‘దించెయ్యండి’ అనేది. అక్క నోట నీకు ‘అండి’ లేని మాట ఎప్పుడైనా వచ్చిందా?”

“మీరెవరూ లేకపోతే వస్తుందిరా నాయనా! ఆ ‘అండి’ మీ అమ్మ కోసం. ఆవేళ ఆవిడ బజారుకెళ్లింది.”

“ఏమిటీ?” అంది అమ్మ, గరిటె గాల్లోనే నిలిపి. “మొగుణ్ణి పట్టుకుని దించెయ్ అంటావుటే?”

వేరే రోజైతే ఇల్లంతా పగలబడి నవ్వేది. రాళ్లమ్మ మాత్రం గాజుపెంకుల మధ్యే కూలబడింది. పొంగుతున్న పాలు, పేపరు చదువుకుంటున్న మొగుడు, చేతిలో ఫోను, తన అరుపు అన్నీ కళ్లముందు కదిలాయి. మాటల మధ్య వచ్చిన కేక కాబట్టి తనకి గుర్తులేదు. వాడికి అది పేలుడుకి ముందు విన్న చివరి మాట.

“అంత పిచ్చిమాట నేనంటే... ఎందుకని అడగొద్దట్రా?”

బుడ్డోడు బావ పీక వదిలేశాడు. “నువ్వు చెబితే నేనెప్పుడు అడిగానే?”

ఆ మాటకన్నా వాడు మళ్లీ కొట్టినా బాగుండేది. రక్తం కారుతుండగానే ఆవిడ డైరెక్టరుకి ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

“సార్, తప్పు నాది. ఇంట్లో అరిచిన మాట ఫోన్లో పోయింది. వాడు నా మాట విన్నాడు, అంతే.”

అవతల డైరెక్టరు గొంతు తగ్గించాడు. “ఈ మాటతో ప్రెస్సు మీ చేతిలోంచి పోతుంది. మళ్లీ ఇస్తారని నేను మాటివ్వలేను.”

“ఎవరికైనా ఇవ్వండి సార్. వాణ్ణి మాత్రం గేటు బయట నిలబెట్టకండి.”

ఆవిడ ఫోను పెట్టేసింది. “పిచ్చిదానా, ఇన్నేళ్ల పనే అది” అన్నాడు బుడ్డోడు. మాస్టారు తువ్వాలుతో ఆవిడ కనుబొమ్మ అదిమిపట్టాడు. అమ్మ గరిటె లోపల పెట్టి, కంచంలో అన్నం కలిపి తెచ్చింది.

వాడి కుడిచెయ్యి కట్టులో ఉంది. రాళ్లమ్మ కంచం లాక్కుని, ముద్ద చేసి తమ్ముడి నోట్లో పెట్టింది. వాడు బుద్ధిగా నోరు తెరిచాడు. అంతే, వేలు కసుక్కున కొరికేశాడు.

“అమ్మో! చచ్చాన్రా, వదులు!”

“ప్రెస్సు పోయినా ఏడవలేదు, కనీసం దీనికైనా ఏడువే” అన్నాడు వాడు, తనే ముందు బావురుమంటూ.

పంటిగాట్లు పడ్డ ఆ వేలితోనే ఆవిడ ఇంకో ముద్ద కలిపింది.