గుమ్మం పక్కన చెప్పులు

అన్యాయం జరిగింది మా వదినకి. పోయిన ఏడాది, మే పదిహేడున, పట్టపగలు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా చేపల మార్కెట్లో దాన్ని ప్రమాదం అంటారు. నా నోటికి ఆ మాట రాదు.

ఎండలు ముదిరితే ఐసు నిలవదు. దించిన గంటకే నీళ్లై కాలవలో కలుస్తుంది. అందుకని వేసవి వెళ్లేదాకా మార్కెట్ వెనక సరుకు చల్లగా ఉంచే ఓ ఇనప కంటైనర్ అద్దెకు తెచ్చి పెట్టిస్తాడు ఓనరు. పక్కనే జనరేటరు. బయట కాలు మోపితే బొబ్బ, లోపల ఊపిరి వదిలితే పొగ. లోపలికెళ్లేవాళ్లు చెప్పులు గుమ్మం పక్కన విడిచి రబ్బరు బూట్లు తొడుక్కోవాలి. తలుపేసేవాళ్లు ముందు నేల చూడాలి. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. లోపలి పిడి ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి మా ప్రాణాలకి ఆ చెప్పులే కాపలా.

ఆ రోజు పెద్ద బేరం వస్తోందని, గుమ్మంలో పాత చెప్పులు అసహ్యంగా ఉన్నాయని, ఓనరు వాటిని జనరేటరు కిందికి తన్నాడు. ఆ తర్వాత తలుపేయించాడు. వదిన మర్నాడు పొద్దున దొరికింది.

"చెప్పులు కనబడకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. పాపం, పసివాడు!

ఈ ఏడు ఆ తలుపు పని నేనే అడిగి తీసుకున్నాను. చేరిన రోజు నుంచీ ఒకటే పోరు, లోపల పిడి పెట్టించమని. పిడి లేకుండా వాడకూడదని తలుపు మీదే రాసి ఉంటే చదివి వినిపించాను కూడా.

"ఇంత చదివినదానివి, ఏ ఆఫీసులోనో కూర్చోకపోయావా?"

"మీరు కుర్చీ వదిలితే కదండీ!"

నవ్వేసి వెళ్లిపోయాడు. పిడి మాత్రం రాలేదు.

జూన్ మూడు. మధ్యాహ్నం. మార్కెట్లో నరపురుగు లేదు. గాలి లేదు. కాకులు కూడా నోరు తెరుచుకుని నీడలో కూర్చున్నాయి. డీజిల్ వాసన, ఎండిన పొలుసుల వాసన. సరుకంతా లోపల పెట్టించి, మనుషుల్ని పంపించేసి, తలుపేయబోతూ నేల చూశాను.

చెప్పులు.

నీలం పట్టీలు. ఎడమదానికి తెగినచోట రాగి తీగ. ఆ తీగ చుట్టింది నేనే. ఆ చెప్పుల్ని వదిన కాళ్ల దగ్గర పెట్టి మట్టి కప్పిందీ నేనే.

వాటి మీద తెల్లగా మంచు. ఆ ఎండలో... కరగడం లేదు.

"ఎవరమ్మా లోపల?"

ఫ్యాను రొద తప్ప ఏమీ లేదు. రెండడుగులు లోపలికి వేశాను. నా నోట్లోంచి పొగ వచ్చింది. పెట్టెల వెనక నుంచి... ఇంకో పొగ.

వెనక్కి వచ్చి పడ్డాను.

"తలుపెయ్యవే అమ్మాయ్, చల్లదనమంతా పోతోంది," జనరేటరు నడిపే తాత అరిచాడు.

"వెయ్యను తాతా. చెప్పులున్నాయి."

వచ్చి చూశాడు. ముసలాయన గొంతు గుసగుసకి దిగిపోయింది. "అవి... ఆ పిల్లవే కదే."

అప్పుడే దిగాడు ఓనరు. ఉదయమే గీసుకున్న నున్నటి బుగ్గలు, నల్లటి బూట్లు. "తలుపు బార్లా తీసిపెట్టి కబుర్లా? సరుకు కుళ్లితే నీ అబ్బ కడతాడా?"

"మనిషి లోపల ఉంది."

"ఎవరే?"

"మీరే చూడండి."

చూడలేదు. ఆ చెప్పుల్ని కాలితో తన్నాడు. మళ్లీ జనరేటరు కిందికే. అదే కాలు, అదే విసురు. "ఇప్పుడు లేదుగా?" అంటూ బూట్లతోనే లోపలికి నడిచాడు.

తలుపు పడింది.

నేను ముట్టుకోలేదు. తాతా ముట్టుకోలేదు. గాలి అసలే లేదు.

బయటి పిడి పట్టుకుంటే చేతి తోలు అతుక్కుంది. అంత చల్లగా ఉంది. ఇద్దరం కలిసి లాగాం. కదల్లేదు. లోపల గుద్దులు... తిట్లు... ఏడుపు. ఆ తర్వాత మెల్లగా, పక్కనున్న మనిషితో చెప్పినట్టు...

"జరుగు... కాస్త జరుగు తల్లీ... చలేస్తోంది."

ఆపైన ఏమీ లేదు.

టీ చల్లారేంత సేపు కూడా కాలేదు. తలుపు దానంతటదే తెరుచుకుంది. ఓనరు గుమ్మంలో మోకాళ్ల మీద ఉన్నాడు. నున్నటి బుగ్గల మీద గడ్డం మొలిచి ఉంది.

"తెల్లారిందా?" అన్నాడు. "రాత్రంతా కొట్టాను. ఒక్కరూ రాలేదేం?"

తాత నా భుజం పట్టుకున్నాడు.

"పిడి పెట్టిస్తానన్నాను... ఎన్నిసార్లో చెప్పాను... ఆ పిల్ల వినట్లేదు." చెయ్యెత్తి నేల చూపించాడు. "తలుపెయ్యకండి. ఇంకా లోపలే ఉంది."

జనరేటరు కింద ఏమీ లేదు. చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, జతగా.

ఆయన్ని లేపడానికి చెయ్యి పట్టుకున్నాను. వాచీ అద్దం మీద మంచు పేరుకుని ఉంది. బొటనవేలితో తుడిచాను. ముళ్లు నడుస్తూనే ఉన్నాయి. తేదీ చూపించే చిన్న గడిలో మూడు ఉండాలి.

పద్దెనిమిది ఉంది. మేలో వదిన దొరికిన తేదీ.