గోడకవతల మిషన్

పొద్దున్నే టైలర్‌గారు ముందుగదిలో మిషన్ ముందు కూర్చున్నారు. ప్యాంటు పొడవు తగ్గించమని తెచ్చిన పెద్దమనిషి, ఆ పని చెప్పి ఊరుకోలేదు.

"ఆ పాటలో నాన్న మీరేనటగా? పిల్ల పాట ఒక్కసారైనా వినాల్సిందండీ, పాపం!"

ఈ వారంలో ఈ మాటన్నవాళ్లలో ఆయన పదకొండోవాడు. ఆయన అటు వెళ్లగానే టైలర్‌గారు కత్తెర బల్లమీద పడేశారు.

కూతురి మొదటి ఆల్బమ్ వచ్చిన సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. రెండోది మాత్రం ఊరూవాడా మోగిపోయింది. బస్సుల్లో, సెలూన్లలో ఎక్కడ విన్నా అందులోని మూడో పాటే. తాను గిటార్ తీయగానే గోడకవతల కుట్టుమిషన్ ఆగిపోతుందనీ, నాన్న విసుక్కుని లేచి వెళ్లిపోతాడనీ ఆ పాట. విన్నవాళ్లంతా కన్నీళ్లు పెట్టుకుని, ఆ నాన్నను తిట్టుకుంటున్నారు.

ఆ సాయంత్రం జరగబోయే తన కచేరీకి రెండు టికెట్లు పట్టుకుని కూతురు అప్పుడే వచ్చి నిలబడింది.

"నేను రాను," అన్నారాయన.

"ఎందుకు నాన్నా?"

"వచ్చి ఏం చెయ్యను? ముందు వరసలో కూర్చోబెట్టి, ఇదిగో ఆ కసాయి తండ్రి వీడే అని చూపిస్తావా?"

"నేనేం అబద్ధం రాయలేదు! పదేళ్లు ఆ గదిలో పాడాను. ఒక్కరోజైనా బాగుందన్నావా? గిటార్ మోగితే చాలు, మిషన్ ఆపి వెళ్లిపోయేవాడివి."

"వెళ్లడం చూశావా?"

"చూడాలా? చప్పుడు ఆగితే తెలియదా?"

బడికి బయల్దేరుతున్న లెక్కల టీచరమ్మ, అంటే ఆ పిల్ల తల్లి, గుమ్మంలో ఆగిపోయింది. "ఇద్దరూ ఒకే తానులో గుడ్డలు. ఒకరు అడగరు, ఒకరు చెప్పరు. పని ఆలస్యమైందని ఈయన తిన్న చీవాట్లు నాకు తెలుసే."

"నువ్వు ఊరుకో," అని ఆమెను కసిరి, ఆయన కూతురివైపు తిరిగారు. "అన్నీ తెలిసినదానివి కదా, ఇది చెప్పు. ఆ వాన పాట ఏ ఆల్బమ్‌లోనూ లేదేం? రెండో చరణం ఎంత బాగుండేది! దాన్నెందుకు పారేశావు?"

కూతురు చటుక్కున తలెత్తింది. ఆ పాట గదిలో నాలుగు రోజులు పాడుకుని వదిలేసింది. అమ్మకు కూడా వినిపించలేదు.

"అది... నీకెలా తెలుసు?"

"మిషన్ చప్పుడులో నీ గొంతు వినపడదు. అందుకే ఆపేవాణ్ణి," అన్నారాయన తల వంచుకుని. "మెచ్చుకుంటే చదువు మానేస్తావని భయపడ్డాను. అంతే."

ఆమె గదిలోకి వెళ్లి కూర్చుంది. ముందుగదిలో మిషన్ మళ్లీ మొదలైంది. కాసేపటికి ఆమె గిటార్ తీసి, వాన పాట మొదటి మాట అందుకుంది.

మిషన్ ఆగింది.

పదేళ్లలో ఎప్పుడూ చెయ్యని పని ఆమె ఇప్పుడు చేసింది. లేచి వెళ్లి తలుపు సందులోంచి చూసింది. సగం కుట్టిన ప్యాంటు సూది కిందే ఉంది. నాన్న కుర్చీలోనే ఉన్నాడు, కాలు పెడల్ మీంచి తీసి, చెవి గోడకు ఆనించి. ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఆయన కళ్లు తెరవకుండానే గోడతో అన్నారు:

"ఆపేశావేం పిచ్చుకా? పాడు."