కుక్కలు పడుకోని బూడిద కుప్ప

కోదాడ బైపాస్ పక్కన లారీలు ఆగేచోట, టీ గ్లాసు చేతిలో ఉండగానే సత్యానందం చనిపోయాడు.

మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, "మాస్టారూ, గుర్తుపట్టారా?" అంటూ చెయ్యి కలిపాడు. అరచేతిలో చీమ కుట్టినట్టయింది. గుర్తుపట్టలేదని చెప్పబోతే సత్యానందానికి మాట రాలేదు. బెంచీ మీద కూర్చుని తల గోడకు ఆనించాడు. చలికాలం పొద్దు కదా, కునుకు తీస్తున్నాడని అందరూ అనుకున్నారు. టీ కొట్టు ధనలక్ష్మి గ్లాసు కోసం వచ్చి, "ఏమండీ, చల్లారిపోయింది, ఇంకోటి ఇమ్మంటారా?" అని భుజం తట్టి, కెవ్వుమంది.

పైకి సత్యానందం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమస్తా. నిజానికి సైంటిస్టు. నేల మీద, నీటి మీద జరిగే విదేశీ కుట్రలను కనిపెట్టే 'ఎకో డెస్క్' అనే రహస్య విభాగంలో పనిచేసేవాడు. అలాంటిదొకటి ఉందని ప్రభుత్వంలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందికి దాని మీద నమ్మకం లేదు.

ఆ సాయంత్రమే ఏజెంట్ సాంసన్‌కు పిలుపు వచ్చింది. బ్రీఫింగ్ ఎక్కడో భూగర్భంలో జరగలేదు. సూర్యాపేట హైవే మీద, బస్సులు ఆగే హోటల్లో జరిగింది. అంతకంటే భద్రమైన చోటు ఉండదు. అక్కడ ఎవరి కళ్లయినా తమ బస్సు మీదే ఉంటాయి.

"సత్యం మాస్టారు పోయారు," అన్నాడు చీఫ్ జగన్మోహన్.

ఈ ఉద్యోగంలో సాంసన్‌కు ఓనమాలు దిద్దించింది ఆయనే. మట్టిని వాసన చూసి మాట్లాడే మనిషి. ఏడుపు వచ్చింది, కానీ ఎదురు బల్ల దగ్గర పిల్లలు ఇడ్లీ తింటున్నారు. నీళ్లు తాగి మింగేశాడు.

"ఎవరు సార్?"

చీఫ్ ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. "డీటర్ హోల్ట్, విదేశీ వ్యాపారి. చెయ్యి కలిపి విషపు సూది గుచ్చినవాడు ఇతని మనిషే. వాళ్ల నగరాల చెత్తను ఫ్యాక్టరీల్లో కాలుస్తారు. చివరికి మిగిలే బూడిదలో సీసం, కాడ్మియం, ఇంకా నోరు తిరగని విషాలు. అక్కడ పాతిపెట్టాలంటే బోలెడు ఖర్చు. అందుకని ఓడలో ఇక్కడికి తెచ్చి, కోదాడ మీదుగా మిర్యాలగూడ చేరుస్తున్నాడు. ఊక బూడిద ఎరువు అని సంచుల్లో నింపి రైతులకు ఉచితంగా ఇస్తాడట. ఇక పాతిపెట్టే కూలి కూడా మన రైతుదే."

"జనం నమ్ముతున్నారా?"

"నమ్మడానికి మంచి కారణమే ఉంది." చీఫ్ రెండో ఫొటోకు జరిపాడు. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, ఎర్రకారు. "డాక్టర్ మాధవి. మిల్లు యజమాని కూతురు. ఊక బూడిద మీద పదేళ్లు రీసెర్చ్ చేసింది. పద్ధతిగా శుద్ధిచేస్తే వరికి మంచి ఎరువు, మిల్లు వదిలే నల్లనీళ్లను దానిగుండా పంపితే తేటపడతాయి. అదంతా నిజం. ఆ నిజాన్ని ముందుపెట్టి హోల్ట్ వ్యాపారం చేస్తున్నాడు. ఆమె ఇప్పుడు అతని కుడిభుజం. సత్యం మాస్టారిని చివరిసారి కలిసింది కూడా ఆమే."

సాంసన్ ఆ ఫొటో వంక చూశాడు. హంతకులకు ఇంత చక్కటి నవ్వు ఎక్కడినుంచి వస్తుందో అనుకున్నాడు.

"లోపల మన మనిషి ఒకరున్నారు. ఎవరో మాస్టారికే తెలుసు. నాకు తెలిసింది కోడ్ ఒక్కటే. 'ఇంట్లో పాత బియ్యమా, కొత్త బియ్యమా' అని అడిగితే, 'కొత్త బియ్యం, అన్నం మెత్తగైతది' అనాలి."

"ఇప్పుడే రెయిడ్ చెయ్యొచ్చు కదా సార్?"

"చేస్తే అసలైన ఊక బూడిద చూపిస్తారు. మిల్లు యార్డులో రెండు కుప్పలున్నాయి. చూపు మీద తేడా తెలియదు. రేపు పొద్దున లోడర్‌తో రెండూ కలిపేస్తారు. కలిపాక ల్యాబులో ఏది ఎక్కడిదో తేల్చేసరికి మన రైతుల నాట్లు కూడా అయిపోతాయి. కలపకముందే రీడింగ్ కావాలి."

చీఫ్ సంచిలోంచి ఒక పరికరం తీశాడు. ధాన్యం బ్రోకర్ల చేతుల్లో కనిపించే తేమ చూసే మిషన్.

"లోపల ఎక్స్‌రే స్కానర్ ఉంది. బూడిదకు ఆనించి బటన్ నొక్కు. రీడింగ్ నా ఫోన్‌కు వస్తుంది. నేను మిల్లు వెనక కాలువకట్ట మీద పోలీసులతో ఉంటాను. రీడింగ్ లేకుండా గేటు దాటే అధికారం నాకు లేదు."

"మొదటి లారీలు ఏ ఊరికి సార్?"

"వేములపల్లికి."

సాంసన్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. వేములపల్లిలో అతని అక్క రాణి ఉంది. తమ్ముడు హైదరాబాదులో ఇన్సూరెన్స్ చేస్తాడని ఆమె నమ్మకం. హోటల్ బయటికి రాగానే ఆమె నుంచే ఫోన్.

"తమ్మీ, ఏం జేస్తున్నవ్? తిన్నవా? మా ఊరికి పుణ్యానికే బూడిద సంచులిస్తరట. పేరు రాయించిన. నారు మంచిగున్నది, గా సంచులొస్తే ఇగ నాటు ఏసుడే."

"జర ఆగక్కా. రెండ్రోజులు సూడు."

"ఆగేదేంది? కౌలు పొలం నాది. నీ లెక్క ఏసీల కూసునే కొలువా?"

అక్క తన చేతులతోనే ఆ విషాన్ని మడిలో చల్లుకుంటుందన్న తలపుతోనే సాంసన్ బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున ధాన్యం బ్రోకర్ లింగయ్య వేషంలో అతను మిర్యాలగూడ మిల్లు గేటు దాటాడు. భుజాన తువ్వాల, కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో మిషన్. యార్డులో రెండు బూడిద కుప్పలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే రంగు, ఒకే ఎత్తు. వెనకదాని అంచు కాంపౌండు గోడకు ఆనుకుని ఉంది.

కొత్తవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. మిల్లులో ఊక బూడిద పైకి చల్లారినట్టే కనిపిస్తుంది. నీళ్లు చల్లితే పైన అట్ట కడుతుంది. లోపల మాత్రం రోజుల తరబడి నిప్పు రాజుతూనే ఉంటుంది. కుప్ప ఎక్కవద్దన్నది మిల్లుల మధ్య పెరిగే పిల్లలకు నేర్పే మొదటి మాట. హమాలీగా పనిచేసిన సాంసన్ తండ్రి ఒకసారి ఏమరుపాటున కాలు పెట్టి, ఆపైన జీవితమంతా కుంటుతూనే నడిచాడు.

వెనక కుప్ప అంచున నాలుగైదు కుక్కలు ముడుచుకుని హాయిగా నిద్రపోతున్నాయి. ముందు కుప్ప దగ్గర ఒక్కటీ లేదు. అంత చలిలో కుక్కలు వద్దనుకున్న బూడిద ఈ ఊరిది కాదు. సముద్రం దాటి, చల్లగా చచ్చి వచ్చింది.

"ఎవరు నువ్వు?"

ఎర్రకారు దిగి మాధవి నిలబడి ఉంది. ఫొటోలో కంటే చిక్కిపోయింది. నల్లకళ్లద్దాల అంచుల కింద వాపు కనిపిస్తోంది. సాంసన్‌కు అదేదీ పట్టలేదు. మాస్టారి ముఖమే కనిపించింది.

"వడ్ల బ్రోకర్ని మేడం. చిలుకూరు దిక్కు సరుకున్నది."

"ఇయ్యాల కొనేది లేదు. పో."

"పోతా మేడం. మీ అసొంటోళ్ల దగ్గర నిలబడుడే పాపం."

ఆమె ముఖం పాలిపోయింది. ఏదో అనబోయి, లోపలినుంచి అంతా వింటున్న హోల్ట్ పిలవడంతో తిరిగి వెళ్లిపోయింది. ఆ మాట ఎందుకన్నానా అని సాంసన్ తర్వాత చాలాకాలం నిద్రలో ఉలిక్కిపడేవాడు.

అతను ముందు కుప్పకు మిషన్ ఆనించి బటన్ నొక్కాడు. తెర మీద సీసం, కాడ్మియం అంకెలు ఎర్రగా ఎగబాకాయి. పంపే బటన్ నొక్కాడు. సిగ్నల్ లేదు. మళ్లీ నొక్కాడు. లేదు.

"జామర్ పెట్టితిమి," అంది వెనకనుంచి ఒక గొంతు. "బూడిదలో తేమ చూచు బ్రోకరును నేను ఇదివరకు చూడలేదు."

హోల్ట్ తెలుగును పాత పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నాడు. పిస్తోలు మాత్రం కొత్తది. అతను మిషన్ లాక్కుని, వెంట వచ్చిన మాధవి చేతిలో పెట్టాడు. "దీనిని పగులగొట్టుము." తర్వాత లోడర్ డ్రైవర్‌కు సైగ చేశాడు. లోడర్ గుర్రుమంటూ కదిలి, ముందు కుప్పలో తొట్టి దించి, నిండా బూడిద ఎత్తుకుని వెనక కుప్ప వైపు తిరిగింది.

మాధవి సాంసన్ ముందుకు వచ్చి నిలబడింది. కళ్లద్దాలు తీసేసింది.

"ఇంట్ల పాత బియ్యమా, కొత్త బియ్యమా?"

తను ఇందాక ఎవరిని పాపమన్నాడో సాంసన్‌కు అప్పుడు అర్థమైంది.

"కొత్త బియ్యం," అన్నాడు. "అన్నం మెత్తగైతది."

"ఈ సమయమున బియ్యమెందులకు?" అన్నాడు హోల్ట్.

మాధవి హైహీల్స్ విదిలించి పరుగెత్తింది. గేటు వైపు హోల్ట్ మనుషులున్నారు. మిగిలింది వెనక కుప్ప ఒక్కటే, దాని మీదుగా గోడ, గోడ అవతల కాలువకట్ట. చిన్నప్పుడు తన తండ్రి ఎన్నోసార్లు ఎక్కొద్దన్న ఊక బూడిద కుప్పనే ఎక్కింది. బక్కపలచని మనిషి. పొద్దున చల్లిన నీళ్లకు అట్ట కట్టిన పొర ఆమెను మోసింది. కుక్కలు లేచి మొరిగాయి.

హోల్ట్ కాల్చాడు, తప్పింది. మిషన్ గోడ దాటితే అంతా పోయినట్టే. తిట్టుకుంటూ ఆమె వెనక పడ్డాడు. ఇన్ని నెలలూ తన చల్లటి బూడిద మీద నడిచిన మనిషి, బూడిదంటే అంతేననుకున్నాడు.

"ఎక్కకు!" సాంసన్ గొంతు చించుకుని అరిచాడు. "లోపల నిప్పుంది! ఇద్దరిని మొయ్యది!"

ఆ అరుపులో మోసం లేదు. కానీ మోసంతో బతికేవాడికి అదీ మోసంలాగే వినిపించింది. హోల్ట్ బరువుగా నాలుగు అంగలు వేశాడు.

మాధవి కుప్ప కొసన నిలబడి, బలమంతా కూడగట్టి మిషన్‌ను గోడ అవతలికి విసిరింది. అదే క్షణాన హోల్ట్ కాలి కింద పొర విరిగింది. కుప్ప నిలువునా చీలి, లోపలి ఎరుపు బయటపడింది. ఇద్దరూ అందులోకి జారిపోయారు.

లోడర్ ఇంకో గజం కదిలి ఉంటే తొట్టిలోని బూడిద వెనక కుప్పలో పడి ఉండేది. గోడ అవతల పడిన మిషన్ తెర మీద ఆ ఎర్ర అంకెలు చూసి జగన్మోహన్ విజిల్ ఊదాడు. పోలీసులు గేటు విరగ్గొట్టుకుని వచ్చారు. లోడర్ ఆగింది. సాంసన్, హమాలీలు నీళ్ల పైపులు లాక్కొచ్చి ఇద్దరినీ బయటికి లాగారు.

హోల్ట్ బతికాడు. కాళ్లు పోయాయి గానీ, జైలుకు వెళ్లడానికి కాళ్లు అక్కర్లేదు.

మాధవి దవాఖానలో ఆ సాయంత్రం దాకా ప్రాణంతో ఉంది. సాంసన్ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"నేనొక్కదాన్నే అయితే దాటుతుంటి," అంది ఆమె మెల్లగా.

"అవును. దాటుతుంటివి."

"మాస్టారుకు సెప్పిన, కోదాడకు పోకుండ్రి అని. ఇనలే."

"పొద్దున నేనన్న మాట..."

"ఇడిసిపెట్టు. నువ్వట్ల అన్నందుకే వాడు నన్ను నమ్మిండు." ఆమె కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "నా బూడిదను మాత్రం పారెయ్యనియ్యకు. అది మంచిది. కాలువ నీళ్లు తేటగైతయి."

పారెయ్యనివ్వనని సాంసన్ మాట ఇచ్చాడు. ఆమె వినే పోయిందని అతని నమ్మకం.

ఆ మాట నిలబెట్టుకోవడం అతని చేతిలో లేకపోయింది. ఏది మంచి బూడిదో ఏది చెడ్డదో అని జనం బెదిరిపోతారు కనుక, పై నుంచి ఒకటే ఆర్డర్ వచ్చింది. రెండు కుప్పలూ, ఆమె ల్యాబులోని నమూనాలూ, ఫిల్టర్లూ అన్నీ కలిపి సిమెంటు గోతిలో పాతేశారు. సాంసన్ ఫోన్‌లో చీఫ్‌తో గట్టిగా అరిచాడు. చీఫ్ అంతా విని, "నాకూ బాధగానే ఉందయ్యా," అని పెట్టేశాడు. పేపర్లో మిల్లు ప్రమాదం అని నాలుగు వరుసలు వచ్చాయి.

వారం తర్వాత సాంసన్ వేములపల్లి వెళ్లాడు. రాణి అన్నం పెట్టింది. వాకిట్లోంచి చూస్తే ఆమె నారుమడి పచ్చగా కనిపిస్తోంది.

"సంచులు రాలే తమ్మీ," అంది రాణి. "ఎవడో దరిద్రుడు అడ్డం పడ్డడట. పుణ్యానికొచ్చేటియి ఆపిండట. వాని చేతులు పడిపోను."

సాంసన్ తలవంచుకుని పప్పు కలుపుకున్నాడు.

"ఇంకొకామె గూడ ఉన్నదంటున్రు. మిల్లు సేటు బిడ్డనట. గామె..."

"ఆమెను అనకక్కా."

రాణి గరిటె ఆపి చూసింది. "ఏందిరా, నీకెరుకనా?"

"ఎరుకయ్యేటప్పటికే పోయింది."

తమ్ముడి కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో రాణికి అర్థం కాలేదు. కాసేపు అతని తలమీద చెయ్యి వేసి నిలబడింది. "సరే తీ, ఆమెను అననులే," అంది.

సంచులు ఆపినవాడిని మాత్రం భోజనం అయ్యేదాకా తిడుతూనే ఉంది. ఎకో డెస్క్‌లో ఇప్పటివరకు ఏ ఏజెంటుకూ అంత పొడుగాటి ప్రశంసాపత్రం దక్కలేదు.