ఎడమ మోకాలి అతుకు

"నిప్పంటుకుంటే ఎటు పరిగెడతారు?"

మేడ మీది తన షాపులో సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీస్తున్న టైలరు తలెత్తాడు. ఎదురుగా నీలం యూనిఫారంలో ఒకమ్మాయి, చంకలో ఫైలు, చేతిలో టార్చిలైటు. పట్టపగలు టార్చి ఎందుకో అతనికి అర్థం కాలేదు.

"ముందు మెట్లున్నాయిగా," అన్నాడు.

"ముందు మెట్ల దగ్గరే అంటుకుంటే?"

అతను ముందు గుమ్మం వైపూ, వెనక తలుపు వైపూ మార్చి మార్చి చూశాడు. ఆమె షాపంతా దాటుకుని వెనక తలుపు తీసింది. తీసిందంటే తీయబోయింది. అవతల మెట్ల నిండా గుడ్డ మూటలు. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. ఆ చీకట్లోకి ఆమె టార్చి వేసి చూసింది.

"ఇవి ఎవరివి?"

"మావే. కొంచెం చోటు తక్కువై..."

"ఇది మెట్లదారి మాస్టారూ, గోడౌను కాదు. వారం టైమిస్తున్నా. మళ్ళీ వస్తా."

నోటీసు రాసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వీధి చివర ఫైర్ స్టేషనుంది. మంటలార్పడమే కాక, ఆ వీధిలో ప్రతి మేడా ఎక్కి తలుపులు లాగి చూడడం కూడా వాళ్ళ పనేనని అతనికి ఆ రోజు దాకా తెలీదు.

"ఎంత పొగరో చూశావా అమ్మా."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న వాళ్ళమ్మ సూది ఆపలేదు. "అడిగినదానికి నీ దగ్గర జవాబు లేదు. ఆ పిల్లకి పొగరంటావేంట్రా. నాకు నచ్చింది నిప్పులమ్మాయి."

మూటలన్నీ ఇంటి ముందుగదికి చేరాయి. వారం పాటు అతను వాటి మధ్యే ఒదిగి పడుకున్నాడు. ఏడో రోజు ఆమె వచ్చి, ఖాళీ మెట్లు చూసి, మెచ్చుకోలేదు సరికదా, "ఇప్పుడు కళ్ళు మూసుకుని దిగండి," అంది. "పొగలో కళ్ళు పనిచెయ్యవు. మెట్లు ఎన్నో ముందే తెలిసుండాలి."

దిగాడు. గోడ తడుముకుంటూ, లెక్కపెట్టుకుంటూ, మధ్యలో ఒకచోట ఆమె మోచెయ్యి తగిలితే చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"పంతొమ్మిది," అన్నాడు కింద నిలబడి.

"పద్దెనిమిది. నా మోచేతిని కూడా మెట్టు కింద లెక్కేశారు."

అని నవ్వింది. చెప్పొద్దూ, మనవాడి పని అక్కడే అయిపోయింది.

నెల తిరక్కుండా ఆమె తన ఫైర్ ప్యాంటు పట్టుకొచ్చింది. దుప్పటంత మందం, మోకాళ్ళ దగ్గర అరిగి పోగులు తేలాయి.

"ఇంతలా ఎలా అరిగింది?"

"పొగ పైకి పోతుంది, పీల్చుకునే గాలి నేల దగ్గరుంటుంది. అందుకని లోపల మేం నడవం, పాకుతాం. మోకాళ్ళే మా కాళ్ళు."

అతను దారం ఉండ అందుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అది వేడికి కరిగిపోతుంది." జేబులోంచి స్టేషను వాళ్ళిచ్చిన దారం తీసింది, మట్టిరంగుది. పన్నెండేళ్ళ నుంచి మిషను తొక్కుతున్నవాడికి దారం గురించి ఒకరు చెప్పాల్సి రావడం చిన్నతనమే. ఆ రోజు మాత్రం అతనికి అలా అనిపించలేదు.

కుడి మోకాలు బ్రహ్మాండంగా వచ్చింది. ఎడమది కుడుతుంటే ఆమె గడియారం చూసి లేచింది. "ఇచ్చెయ్యండి. డ్యూటీ మారే టైమయింది. రెండో జత ఉతికి ఆరేశాం, ఇదే కావాలి."

"ఒక్క అయిదు నిమిషాలు."

"నేను వెళ్ళేదాకా పొద్దుటి వాళ్ళు డ్యూటీ దిగడానికి లేదు. పొద్దున్నుంచీ నిలబడి ఉన్నారు."

ఆ కంగారులో గుడ్డ జారింది. అతుకు వేలెడు పక్కకి పోయి వంకరగా కూర్చుంది. విప్పి కుట్టేలోపు ఆమె లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ వంకర అతుకు అతన్ని నిద్రపోనివ్వలేదు. కనిపించినప్పుడల్లా అదే పాట. "తెచ్చివ్వండి, సరిచేస్తా."

"మంటకి అందంతో పన్లేదు మాస్టారూ."

సెలవు రోజుల్లో ఆమె టీకి రావడం మొదలైంది. టీ వంకే అని వాళ్ళమ్మకి తెలుసు. టీ ఇచ్చి, గుండీలు లెక్కపెట్టుకునే పని ఒకటి గుర్తుచేసుకుని వెనక గదిలోకి పోయేది. నిప్పు లేనప్పుడు ఫైర్ వాళ్ళు క్యారమ్స్ ఆడుకుంటారని టైలరు అనుకునేవాడు. ప్రతి పిలుపు తరవాతా పైపులన్నీ కడిగి టవరు మీంచి వేలాడదీసి ఆరబెట్టాలని, వీధి పంపులు తిప్పి నీళ్ళొస్తున్నాయో లేదో చూడాలని, వీపు మీది గాలి సిలిండరు రోజూ పరీక్ష చేసుకోవాలని ఆమె చెబుతుంటే మిషను ఆపి వినేవాడు.

ఒకరోజు స్టేషనుకి తీసుకెళ్ళి బండి పక్కన తగిలించిన బోర్డు చూపించింది. మేకులు, వాటి మీద అంకెలు.

"లోపలికి వెళ్ళే ముందు ఎవరి బిళ్ళ వాళ్ళు ఆఫీసరు చేతికివ్వాలి. ఆయన ఇక్కడ తగిలించి, టైము రాసుకుంటాడు. బయటికొచ్చాక మనమే వచ్చి తీసుకోవాలి. వేరేవాళ్ళు తీసి ఇవ్వకూడదు." మెడలోని బిళ్ళ తీసి చూపించింది. పదకొండు.

"తీసుకోకపోతే?"

"బిళ్ళ బోర్డు మీద ఉందంటే మనిషి లోపలున్నట్టే. గాలి అయిపోయే టైముకి కూడా రాకపోతే ఇద్దరు లోపలికెళతారు, వెతకడానికి. ఎంత మంటున్నా సరే."

ఇక దాచుకోలేక, వానపడుతున్న ఒక సాయంత్రం షాపు మెట్ల కింది అరుగు మీద అడిగేశాడు. ఇద్దరూ తడవకుండా ఉండడానికి చూరు కింద ఇరుక్కుని నిలబడ్డారు. ఆమె భుజం తడుస్తోందని అతనూ, అతని భుజం తడుస్తోందని ఆమే జరుగుతూ, చివరికి ఇద్దరూ తడిశారు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె చూరునీళ్ళ కింద చెయ్యి పెట్టి తీసింది. ఇష్టం లేదన్న మొహం కాదది. అందుకే అతనికి ఇంకా భయమేసింది.

"నా డ్యూటీ రోజు మా అమ్మ భోజనం ముందు కూర్చుని లేచిపోతుంది. ఆరేళ్ళుగా. ఎన్నిసార్లు చెప్పినా ముద్ద దిగదంటుంది. నా బిళ్ళ బోర్డు మీదున్నప్పుడు గడియారం చూసేది ఆఫీసరు. అది ఆయన ఉద్యోగం. అమ్మని నేను ఆపలేను. ఇంకో మనిషిని అలా కూర్చోబెట్టడం నా వల్ల కాదు మాస్టారూ. మీరు నాకు ఇష్టం. అందుకే వద్దు."

తడిసిన భుజంతోనే వెళ్ళిపోయింది. మూడు వారాలు టీకి రాలేదు. అతను రెండు చొక్కాలకి చేతులు తిరగేసి కుట్టాడు. వాళ్ళమ్మే వాటిని విప్పి మళ్ళీ కుట్టింది.

నాలుగో వారం, మధ్యాహ్నం, వెనక సందుకి అవతల ఉన్న బైండింగు షాపు అంటుకుంది. నిండా కాగితాలు. టైలరు మొదట అమ్మని ముందు మెట్ల మీంచి వీధిలోకి పంపి, ఇంకెవరైనా ఉన్నారేమోనని మేడంతా చూసి, వెనక మెట్ల మీదికి వచ్చాడు. అప్పుడే ఆ షాపు వెనక తలుపులోంచి ఒక ఫైర్ మనిషి పాకుతూ, ఒక పెద్దాయన్ని ఈడ్చుకుంటూ బయటపడడం చూశాడు. హెల్మెట్టు, మాస్కు, ఒళ్ళంతా మసి. సందు చివర అంబులెన్సుంది. పెద్దాయన ఆ చెయ్యి వదలడంలేదు. తన మాస్కు తీసి ఆయన మొహానికి అదిమిపెట్టి, మొహం అటు తిప్పుకుని, ఎడమ మోకాలు పైకెత్తి ఆ మనిషీ బండెక్కింది. తలుపులు పడ్డాయి. బండి కదిలింది.

హమ్మయ్య అనుకున్నాడు. మరుక్షణం ఆ షాపు ముందు వీధిలోంచి మైకులో గొంతు వినిపించింది. "పదకొండు. పదకొండు, జవాబివ్వాలి."

జవాబు లేదు.

పద్దెనిమిది మెట్లూ ఎలా దిగాడో అతనికే తెలీదు. సందు మలుపు తిరిగి వచ్చేసరికి బోర్డు మీద పదకొండు, పక్కనే అప్పుడే తగిలించిన ఇంకో రెండు బిళ్ళలు. ఆఫీసరు వాచీ చూస్తున్నాడు. ఇద్దరు మాస్కులు బిగించుకుని గుమ్మం దగ్గర వంగి ఉన్నారు.

"పంపకండి. పదకొండు బయటే ఉంది. వెనక సందులోంచి అంబులెన్సులో వెళ్ళింది."

"మొహం చూశారా?"

"లేదు."

"మరి ఆమే అని ఎలా చెబుతారు? అందరూ ఒకేలా ఉంటాం."

"ఎడమ మోకాలి అతుకు వేలెడు పక్కకి ఉంది. కుట్టింది నేనే. అలాంటి పనితనం ఈ ఊళ్ళో ఇంకోటుండదు సార్."

ఆఫీసరు ఒక్కక్షణం అతని మొహంలోకి చూశాడు. తరవాత గుమ్మం దగ్గరివాళ్ళకి చెయ్యెత్తి, రేడియో అందుకున్నాడు. "ఒక్క నిమిషం. కంట్రోలూ, అంబులెన్సులో మా మనిషి ఉందేమో అడగండి."

టైలరు ఆయన వాచీ వైపే చూస్తూ నిలబడ్డాడు. తను పొరపాటు పడ్డాడా? ఆ మోకాలు నిజంగా ఎడమదేనా? పొరపాటైతే, తన మాట వల్లే ఆమెకి ఒక నిమిషం గాలి తక్కువవుతుంది. నిమిషం ఇంత పొడుగుంటుందని ఎవరూ చెప్పలేదు.

రేడియో గరగరలాడింది. "ఉంది. పదకొండు ఇక్కడే ఉంది. రేడియో లోపల పడిపోయిందట."

ఇద్దరూ గుమ్మం వదిలి ఇవతలికొచ్చారు. ఇంకో నాలుగు నిమిషాలకి లోపల అటక మొత్తం కూలింది.

ఆమె అయిదో రోజు వచ్చింది. కళ్ళ కింద నల్లగా, చేతిలో గోనెసంచి.

"నెలరోజులు పైపులు కడిగే పనేశారు. వెయ్యాల్సిందే," అంది కూర్చుంటూనే. "బోర్డు దగ్గరికి రాకుండా బండెక్కాను. పెద్దాయన చెయ్యి వదల్లేదు నిజమే. ఎవరితోనైనా చెప్పించి ఉండొచ్చు. తట్టలేదు. ఒకర్ని తీసుకొచ్చి ఇద్దర్ని లోపలికి పంపబోయాను. వాళ్ళిద్దరూ నన్ను ఒక్క మాటన్లేదు మాస్టారూ. తిట్టినా బావుండేది. ఉద్యోగం మానేద్దామనుకున్నా."

"మానేస్తారా?"

"మానేస్తే ఇంకెప్పుడూ ఆ బిళ్ళ సరిగ్గా తీసుకోలేను కదా. మానను."

అతను మిషను చక్రం మీద చెయ్యి ఆనించాడు. తరవాత అన్నాడు. "మీరు వద్దన్నారు. అయినా ఆ రోజు నేను ఆఫీసరు పక్కన నిలబడి వాచీ చూశాను. పెళ్ళీ లేదు, ఏమీ లేదు. ప్రాణం మాత్రం గిలగిల్లాడింది. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నేను చూస్తూనే ఉంటాను. దాన్ని ఆపడం మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది బయటికి రావడం, బిళ్ళ తీసుకోవడం, ఒక్క ఫోను చెయ్యడం. అంతే."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే సంచి బోర్లించింది. ఆరు ఫైర్ ప్యాంట్లు.

"ఇవేంటి?"

"ఆఫీసరు పంపారు. మోకాళ్ళ మీద అందరికీ ఎవరి నంబరు వాళ్ళకి కుట్టాలట. నాది మాత్రం అక్కర్లేదన్నారు, ఎలాగూ తెలిసిపోతుందట."

వెనక గదిలో గుండీల లెక్క ఆగిపోయి, నవ్వు వినిపించింది.

ఆమె లేచి గుమ్మం దగ్గర ఆగింది. "నాకు కొన్ని షరతులున్నాయి. వాచీ పట్టుకుని కూర్చోకూడదు. పని ఆపకూడదు. భోజనం మానకూడదు. ఒప్పుకుంటేనే మా ఇంటికి రండి."

"ఒప్పుకున్నట్టే."

పైపుల నెల అయిపోయిన మర్నాడు సైరను మోగింది. ఎర్రబండి షాపు ముందునుంచే వెళ్ళింది. టైలరు మిషను ఆపలేదు. వాళ్ళమ్మ కంచం పెడితే వచ్చి కూర్చున్నాడు కూడా.

గంటన్నర తరవాత ఫోను మోగింది.

"పదకొండు బయటికొచ్చింది. బిళ్ళ తీసుకుంది," అంది రొప్పుతూ. "భోంచేశారా?"

"చేశాను."

"అబద్ధం," అంది వాళ్ళమ్మ పక్కనుంచి. "రెండు ముద్దలు." అని ఫోను లాక్కుంది. "అమ్మాయ్, మీ అమ్మగారి నంబరివ్వు. ఇకనుంచి నీ డ్యూటీ రోజున ఆవిడ ఇక్కడే భోంచేస్తుంది. నా పక్కన కూర్చోబెట్టుకుంటా. ఎలా లేస్తుందో నేనూ చూస్తా."

వాళ్ళమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఓపిగ్గా నిలబడింది. కాసేపటికి అవతల నిప్పులమ్మాయి ముక్కు ఎగబీల్చి, ఒక్కొక్క అంకే చెప్పడం మొదలుపెట్టింది. టైలరు సుద్దముక్క అందుకుని, కత్తిరించబోయే గుడ్డ మీదే రాసుకున్నాడు.