మాట్లాడని సెలవు

అబిడ్స్‌లో వాన. సుగుణమణి గొడుగు పట్టుకొని మూల తిరిగింది. ఎదురుగా సైకిలు వచ్చి గుద్దింది. గొడుగు బురదలో పడింది.

"జర చూసుకొని నడవరా?" అన్నాడు సైకిలు దిగిన యువకుడు.

తప్పు అతనిది. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"సరే, నేనే గుద్దిన. తిట్టనన్న తిట్టుండ్రి! మాట్లాడరా? గింత పొగరా?"

ఆమె గొడుగు తీసుకొని వెళ్ళిపోయింది. కళ్ళతో మాత్రం బాగానే తిట్టింది.

సుగుణమణి టెలిఫోను ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటరు. ఊరూరికీ లైన్లు కలపడం, పొద్దంతా మాట్లాడడం ఆమె పని. ఏళ్ళ తరబడి సెలవు పెట్టలేదు. మొన్న గొంతు బొంగురుపోయింది. తరువాత ఉత్త గాలే వచ్చింది. డాక్టరు రెండు వారాలు సెలవు పెట్టించాడు.

"గుసగుస గూడ పెట్టొద్దు. గొంతు రాకుంటే నీ ఉద్యోగం మర్చిపోవుడే" అన్నాడు.

విశ్రాంతి ఎలా తీసుకోవాలో ఆమెకు తెలియదు. నాంపల్లి స్టేషను పక్కనే ఇల్లు. పగలు నడుం వాలిస్తే రైలు కూతకు ఉలిక్కిపడి లేచేది. తన కుర్చీలో ఎవరు కూర్చున్నారో? గొంతు వస్తుందో రాదో ఒకసారి చూద్దామా? మాట నోటిదాకా వచ్చేది. భయమేసి మింగేసేది.

"నువ్వు ఇంట్ల గిట్ల తిరుగుతుంటే నాకే పిచ్చి లేస్తది. పోయి తోటల కూసో బిడ్డా" అన్నది తల్లి బెత్సీ.

పబ్లిక్ గార్డెన్‌లో బెంచీ మీద కూర్చుంది. మళ్ళీ అదే సైకిలు.

"మీరా! గొడుగు బాగున్నదా?"

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపింది.

అతని ముఖం చిన్నబోయింది. "అయ్యో, మాట రాదా? నేనేమో పొగరంటి. తప్పయింది."

కాదని సైగ చెయ్యబోయింది. అంతలో అతను మొదలుపెట్టాడు. పేరు జ్ఞానశేఖర్. అబిడ్స్‌లో మందుల ఏజెన్సీలో పని. రోజూ బొంబాయికి ట్రంకు కాల్.

"గిప్పుడు ఎక్స్ఛేంజిల కొత్తామె వచ్చింది. పాతామెతోని రోజూ కొట్లాటే. 'కేకలేస్తే బొంబాయి దగ్గరికి రాదు సార్' అనేది. ఆ గొంతు వింటేనే నాకు తెల్లారినట్టు ఉండేది. ఏమైందో ఏమో. ఒకటే ఫికర్."

లైన్లో రోజూ అరిచే ఆ పోట్లాటరాయుడు ఇతనేనా! సుగుణమణి చెంపలు వేడెక్కాయి. సైగ చెయ్యాల్సిన చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. ఇంకొంచెం విందామనుకుంది.

రోజూ వింది. అతను వాగేవాడు. ఆమె చప్పుడు లేకుండా నవ్వేది. చీకటి పడితే, ఇంటి గుమ్మంలో ఆమె తల్లి కనిపించేదాకా తోడు వచ్చేవాడు. ఇంటికి వస్తే మాత్రం ఒకటే ఆలోచన. అతనికి నచ్చింది ఆ గొంతు. అది మళ్ళీ రాకపోతే? వస్తే తను దాచిందని తెలియదా?

ఒక శనివారం అతను జోకులు వెయ్యలేదు.

"ఆ గొంతు మనిషిని నేనెన్నడూ చూడలే. మిమ్మల్ని చూసిన. మీకు మాట రాకున్నా నాకు ఫరక్ లేదు. రేపు మీ అమ్మగారి దగ్గరికొస్త."

ఆమె భయపడి లేచి వెళ్ళిపోయింది.

అతను రానే వచ్చాడు. చర్చి నుంచి అప్పుడే వచ్చిన బెత్సీ అంతా విన్నది.

"నా బిడ్డ మూగదని నీకెవరు చెప్పిన్రయ్యా? ట్రంకు ఆపరేటరు అది! గొంతు పోయి సెలవుల ఉన్నది. రేపు దవాఖానల చూపియ్యాలె. వస్తదో రాదో అని నాకు బువ్వ దిగుతలేదు."

జ్ఞానశేఖర్ సుగుణమణి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. అతను సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సోమవారం డాక్టరు గొంతులో లైటు వేసి చూశాడు. "ఏదన్న మాట్లాడు."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఏమనాలె సార్?"

వచ్చింది. కాని గరుకుగా, చిరిగిన గుడ్డలాగా. తనది కాదనిపించింది.

"మెల్లగ బాగైతది. ఇంకో నెల సెలవు రాసిస్త. ఉద్యోగం ఎటూ పోదు. రోజుకు నాలుగు ముక్కలే మాట్లాడాలె, తెలిసిందా?"

బెత్సీ మందులు తీసుకోవడానికి ఆగింది. గేటు దగ్గర జ్ఞానశేఖర్, సైకిలు.

"దాచిన. కోపమొచ్చిందా?" అన్నది సుగుణమణి.

అతను సైకిలుకు స్టాండు వేశాడు.

"పాత గొంతు రాకపోవచ్చు. మీకు నచ్చింది గదే గదా."

"కోపం గాదండి, సిగ్గు! మీ ముందట్నే కూసొని మీ ముచ్చట్లే మీకు చెప్పిన. నిన్న తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే." ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "ఇగ గొంతు సంగతి. గీ గొంతుతోనే అడుగుతున్న. నన్ను చేసుకుంటరా?"

"ఔ."

బెత్సీ వచ్చేసరికి ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు.

"ఏమన్నడే? నువ్వేమన్నవు?"

సుగుణమణి పెదవుల మీద వేలు పెట్టుకుంది. డాక్టరు గది వైపు చెయ్యి చూపింది.

"ఓసి నీ! గొంతు వచ్చిందో లేదో, అన్నీ గీ పిల్లగానికే ఖర్చు పెట్టినవా? తల్లికి ఒక్క మాటన్న మిగిల్చొద్దా?"